నాన్న నుదుటి మీది బొగ్గు మచ్చ

మణుగూరులో టీవీలు బిగించే పని నాది. "అప్‌స్కేలింగ్ ఉంది, పాత డీవీడీ కూడా హెచ్‌డీ అయిపోతుంది" అని కస్టమర్లకు చెప్పమంటాడు ఓనర్. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

నిన్న మా ఇంట్లోనూ అలాంటి టీవీ బిగించి, దుమ్ముగూడెంలో జరిగిన చిన్నత్త పెళ్లి డీవీడీ వేశాను. డిస్కు ఆగిపోతే నోటితో ఆవిరి ఊది బనీనుతో తుడిచేవాళ్లం, గుర్తుందా? బంతిలో పప్పు వడ్డిస్తూ నాన్న వచ్చే చోట ఆగితే నాకు ఏడుపొచ్చేది. బొగ్గుబాయిలో చనిపోయిన నాన్న కదులుతూ కనిపించేది అందులోనే.

తెర మీదికి నాన్న వచ్చాడు. మొహం మైనం పూసినట్టు నున్నగా ఉంది.

"గీయన ఎవర్రా?" అంది అమ్మ.

"నాయనే అమ్మా."

"మరి నుదుటి మీద మచ్చ ఏది? బొగ్గు పెళ్ల తగిలింది గదరా!"

డిస్కులో లేని వివరాన్ని ఏ టీవీ తేలేదు. ఊహించి పూత పూస్తుంది, ఆ పూత కింద ఉన్నది కూడా పోతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సోకంతా ఆపేశాను. బొమ్మ మసకబారింది, మచ్చ తిరిగొచ్చింది.

"అవ్, గిప్పుడు మీ నాయన" అంటూ అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

రేపు షాపులో ఆ అబద్ధం నేను చెప్పను. పని పోతే పోనీ.