ఆముదం పట్టించిన తొండం

మొన్న మంగళవారం పొద్దున, మీటరు మామ పోయాడని మా పాత ఊరి నుంచి బస్సులో వచ్చిన మనిషి చెప్పాడు. నాయన అప్పుడే పాకాల స్టేషనుకు మూటలు మోయడానికి బయలుదేరుతున్నాడు. తలగుడ్డ విప్పి గడప మీద కూలబడ్డాడు. ఆరేళ్లుగా మామతో మాట్లాడని మనిషి. లేచి "పోదాం పదండి" అన్నాడు.

మామ పేరు చెప్పినా మీకు తెలియదు. ఊళ్లో మా పక్కింటాయన, కరెంటాఫీసు తరఫున మీటర్లు చూసి రాసుకునేవాడు. అమ్మ అన్నా అని పిలిచేది కాబట్టి మాకు మామ. ఆయుధపూజకు మా ఊళ్లో మీటరుకు కూడా కుంకుమ బొట్టు పెట్టేవాళ్లు, అదీ సరిగ్గా అంకెలు కనపడే అద్దం మీదే. మామ తడిగుడ్డతో తుడుస్తూ, "దండం పెడితే తిరగడం మానదమ్మా ఇది. రోజూ సూడండి" అనేవాడు. మా అమ్మకు అంకెలు నేర్పింది ఆయనే. సంతకం రాకముందే ఆమెకు మీటరు చదవడం వచ్చింది.

కరెంటు కొత్తగా వచ్చినప్పుడు మూడేళ్లు రాయితీ అన్నారు. ఊరంతా అదే అసలు ధర అనుకుంది. లాంతర్లు అమ్ముకోవద్దని, గడువు తీరితే ధర పెరుగుతుందని మామ ఒక్కడే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఎవరు విన్నారు గనక? బావికి మోటారు పెట్టిన వారానికే నాయన, అంతదాకా బావి నీళ్లు లాగిన కపిల ఎద్దులను సంతకు తోలాడు. నీళ్లు తోడే బానను, దాని అడుగున నీళ్లు కుమ్మరించే తోలు తొండాన్ని కుప్ప మీద పడేశాడు.

"ఎద్దులన్నా ఉంచుకో బావా. రాయితీ పోతే ఈ మోటారును నువ్వు మోయలేవు" అన్నాడు మామ.

"కరెంటోడివై ఉండి కరెంటు వద్దంటావేందబ్బా!" అని నాయన నవ్వాడు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గడువు తీరింది. చెరుకు మోకాలెత్తు ఉండగా బిల్లు కట్టలేకపోయాం. ఫ్యూజు పీకే లైన్‌మన్ వెంట మామే వచ్చాడు. "వేరేవాళ్లయితే నోటికొచ్చినట్టు మాట్లాడతారని నేనే వచ్చినాను బావా" అన్నాడు. నాయన ముఖం తిప్పుకున్నాడు. చెరుకు ఎండింది, తర్వాత అప్పుల కింద చేను పోయింది. మేం ఊరు వదిలిన రోజు మామ అమ్మతో, "చెప్పడం తప్ప నా చేతిలో ఏముండాది చెల్లీ" అని ఏడ్చాడు.

మంగళవారం మేం వెళ్లేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. వసారా దూలానికి మా తొండం వేలాడుతోంది.

"నువ్వు పారేసిన పొద్దే కుప్ప మీద నుంచి తెచ్చినాడన్నా" అంది అత్త. "ఏటా ఆముదం పూసేవాడు. ఎప్పుడైనా మీరొచ్చి అడుగుతారని."

ఎద్దులు లేవు, చేను లేదు, అడిగేదేముంది? నాయన దాన్ని పట్టుకుని నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. ఆ చేత్తోనే వచ్చి పాడె పట్టుకున్నాడు. పచ్చి వెదురు మీద ఆయన వేళ్ల కింద ఆముదం మెరిసింది.