తిలకం చుక్కల వాల్వులు

మా ఆయనకి చెవులు పోతున్నాయని ఆసుపత్రిలో చెప్పిన రోజు, ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని ఆయన అన్న మొదటి మాట, "అయితే వాల్వులు ఎతకాలి." నాకు ఒళ్లు మండిపోయింది. చెవులు పోతున్నాయంటే మందో మాకో చూసుకోవాలి గానీ, పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్ల మీద ధ్యాసేమిటి?

తొంభైల మధ్య మాట. భిలాయిలో సెక్టర్ 7 క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఆయన ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో మోటార్లు చూసేవారు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గులు ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేవి. మోతలో తేడా వింటేనే మోటారు జబ్బు తెలుస్తుంది, చెవులు మూసుకుంటే ఇంక నేనెందుకని ఆయన వాదన. ఏ బేరింగ్ పోతోందో చూడకుండానే చెప్పేవారట. ఆ గొప్పే ఆయన చెవుల్ని తినేసింది. సన్నటి శబ్దాలు ముందు పోతాయి, పోయినవి తిరిగి రావు, సన్నటివన్నీ పోవడానికి రెండేళ్లు పట్టొచ్చు అన్నాడు డాక్టరు.

"పోయేలోగా ఓపాలి బాగా ఇనాలి," అన్నారు ఆయన. అదీ ఆయన కోరిక. పెళ్లికి ముందు వాల్వు రేడియోల పని నేర్చుకున్నారు. వాల్వులతో కట్టిన యాంప్లిఫైయర్‌లో పలికినట్టు పాట ఇంక దేంట్లోనూ పలకదని ఆయన నమ్మకం.

అప్పటికి అందరూ టూ-ఇన్-వన్‌లు కొనుక్కుని వాల్వు రేడియోలు మూల పడేశారు. ఖుర్సీపార్‌లో రేడియోలు బాగుచేసే ముసలాయన ఒకడు కొట్టు ఎత్తేస్తూ వాల్వులున్న గోనెసంచీ ముందుకు తోసి, "లే జావో భయ్యా, అబ్ కౌన్ పూఛ్‌తా హై" అన్నాడట, ఇప్పుడు వీటినెవరడుగుతారు పట్టుకుపొమ్మని. ఈయన అక్కడే నేల మీద కూర్చుని ఒక్కో వాల్వునూ వెలుతురుకెత్తి చూశారట. గాజుకి లోపల, నెత్తిన, వెండిపూత మెరుస్తుంటే బతికున్నట్టు. అది తెల్లబడితే లోపలికి గాలి చేరినట్టు, ఇక పారేయడమే. అలా చూసి చూసి ఒకే రకానివి పద్నాలుగు తెచ్చారు. కావలసినవి నాలుగే.

పరీక్ష కోసం చెక్క పలక మీద తీగలతో ఏదో అమర్చుకున్నారు. ఒక వాల్వు గుచ్చడం, అది వేడెక్కేదాకా ఆగడం, పెన్సిలుతో గాజు మీద తట్టి స్పీకర్‌లో ఖంగుమనే లోపముందేమో చూడడం. ఆ తర్వాత భజన కేసెట్టు. అందులో ఒకచోట పాట ఆగి, తాళాలు ఒక్కసారి మోగి, సన్నగా సాగి సాగి ఆగిపోతాయి. ఆ సాగడం ఏ వాల్వులో ఎక్కువసేపు వినబడితే అది మంచిది. డ్యూటీ నుంచి వచ్చి, మిల్లు మోత చెవుల్లోంచి దిగిపోవడానికి గంటసేపు ఊరికే కూర్చుని, అప్పుడు మొదలుపెట్టేవారు. ఆ చలికాలమూ వేసవీ అలాగే గడిచాయి.

రోజూ పిలిచేవారు.

"ఓపాలి ఇలా రాయే. దీనికీ దానికీ తేడా ఏటో ఇను."

"పొయ్యి మీద పప్పున్నాది. మీ బుడ్లు మీరే ఇనండి."

ఒక్కోసారి పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. అదే తాళం ముక్క వెనక్కి తిప్పి తిప్పి వింటుంటే నాకు చిర్రెత్తుకొచ్చేది, అంతే.

వానలు పడేసరికి వినడం ఆపేశారు. యాంప్లిఫైయర్‌కి పెట్టె చేయడం, తీగలు అతకడంలో పడ్డారు. ఆ రోజుల్లోనే వాల్వుల మీద ఎర్రటి చుక్కలు చూశాను. నా తిలకం సీసాలోదే. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. కొత్త స్కూటరుకి కూడా బొట్టు పెట్టనివ్వని మనిషికి కష్టంలో దేవుడు గుర్తొచ్చాడు కాబోలనుకున్నాను. అడగలేదు. అడిగితే కూర్చోబెట్టి మళ్లీ వినమంటారని భయం.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో పానా దగ్గర్నుంచి క్రేను దాకా కడిగి బొట్టు పెట్టని పనిముట్టు ఉండదు. ఆయన ప్లాంటులో పూజకి వెళ్లారు. ఇన్నాళ్లూ విసుక్కున్నానన్న బాధ నాకూ ఉంది. ఆయన వచ్చేసరికి ఇంట్లో పనిముట్లకి నేనే పూజ చేసి పెడదామనుకున్నాను. స్క్రూడ్రైవర్లూ సోల్డరింగ్ ఐరనూ తుడిచాను. పద్నాలుగు వాల్వులనూ తడిగుడ్డతో మెత్తగా తుడిచాను. పాత చుక్కలు ఎండిపోయి పెచ్చులు లేస్తుంటే గోటితో గీరి తీసేశాను. ప్రతిదానికీ కాస్త పసుపు రాసి, ఒక్కొక్క బొట్టు నిండుగా పెట్టి, ఇత్తడి పళ్లెంలో నిలబెట్టి అగరొత్తి వెలిగించాను. చూడముచ్చటగా ఉన్నాయి.

ఆయన ప్రసాదం పొట్లంతో వచ్చి, పళ్లెం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"సుక్కలేవీ?"

"పాతవి తీసేసి కొత్తయి పెట్టినాను."

అప్పుడు చెప్పారు. ఒక చుక్క అంటే మామూలుది, రెండు అంటే పరవాలేదు. మూడు చుక్కలవే ఆయన ఏరుకున్న నాలుగు.

"ఇంకెక్కడా రాసుకోలేదేటండి?"

"సుక్కలుండగా రాతలెందుకనుకున్నాను. పోనీలే, మళ్లీ ఇంటాను. పద్నాలుగే గదా."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం పొద్దున్నే పలక ముందు కూర్చున్నారు. తప్పు నాది కాబట్టి పిలవకుండానే వెళ్లి పక్కన కూర్చున్నాను. మొదటి వాల్వు వేడెక్కింది. పాట ఆగింది. తాళాలు మోగి, దారం తీసినట్టు సన్నగా సాగి, ఎప్పుడు ఆగాయో తెలియకుండా ఆగాయి. అంత బాగుంటుందని నేననుకోలేదు. ఆ మాట చెబుదామని ఆయన వైపు తిరిగాను.

ఆయన ఇంకా స్పీకర్ వైపు తల వంచి ఉన్నారు.

"తాళాలింకా రాలేదేటి?"

కేసెట్టు వెనక్కి తిప్పారు. మళ్లీ తిప్పారు. వాల్వు మార్చారు. నాలుగోదో ఐదోదో అయ్యాక నా ముఖం చూశారు.

"వస్తన్నాయా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"వస్తన్నాయండి."

ఆయన కేసెట్టు ఆపి, ఒక వాల్వు చేతిలోకి తీసుకుని దాని మీది పసుపుని బొటనవేలితో చాలాసేపు తుడిచారు. డాక్టరు రెండేళ్లన్నాడు. ఇంకా ఏడాదే అయింది. ఆ చుక్కలు ఉండి ఉంటే ఆయన ఏరుకున్న వాల్వులు ఆయనకుండేవి. చెవులు ఎంత పోయాయో ఆ రోజు తెలిసేది కూడా కాదు. రెండూ నా చేత్తోనే తుడిచేశాను.

"అయితే నువ్వే ఎంచు," అన్నారు.

"నాకేటి తెలుసండి?"

"ఏది ఎక్కువసేపు సాగితే అదే. అంతే."

నెల రోజులు విన్నాను. మొదట్లో అన్నీ ఒకేలా అనిపించాయి. తర్వాత తర్వాత తేడా తెలిసింది. తాళం మోగగానే వేలెత్తేదాన్ని, ఆగగానే దించేదాన్ని. ఆయన నా వేలిని చూస్తూ చేతి గడియారంలో లెక్క చూసుకునేవారు. చివరికి నాలుగు తేల్చాను. అవి ఆయన ఏరుకున్న నాలుగో కాదో దేవుడికే తెలియాలి. ఆయన మాత్రం వాటినే బిగించారు.

యాంప్లిఫైయర్ బాగానే పాడింది. మృదంగం, లావు గొంతులు ఆయనకి ఇంకొన్నాళ్లు వినబడ్డాయి. వచ్చినవాళ్లతో "మా ఆవిడే ఎంచింది" అని గొప్పగా చెప్పుకునేవారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆయనకి వినబడినన్నాళ్లూ నన్ను పిలిచారు, నేను వెళ్లలేదు. మేమిద్దరం కలిసి ఆ తాళాలు ఒక్కసారి కూడా వినలేదు.