బుచ్చిబాబు రాళ్ల వార్తలు

బుచ్చిబాబుకి ఒక జబ్బుంది. గుట్టల్లో పరుగెత్తి ఇంటికొచ్చాక, బూట్లయినా విప్పకుండా, దారిలో కనబడ్డ రాళ్లన్నిటి గురించీ మా వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. పధ్నాలుగు నిమిషాలు. రాళ్లు తక్కువున్న రోజు పన్నెండు.

"అందరికీ శుభోదయం. ఆదివారం, గుట్ట దారి. రెండో కిలోమీటరు దాటాక కరెంటు స్తంభం. అక్కణ్ణించి నలభై అడుగులకి ఎడమ పక్కన కొబ్బరికాయంత రాయి. పోయిన వారం ఇది జానెడు అవతల ఉండేది. ఎవరో తన్నారు. తరవాత దారి వీ నెక్‌లాగా తిరుగుతుంది. యూ నెక్ కాదు, వీ నెక్. మలుపు దిగగానే హుక్కుల పట్టీలాగా వరసగా ఆరు చిన్న రాళ్లు. నాలుగో హుక్కు వదులుగా ఉంది..."

హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో ముప్పై నాలుగేళ్లు కొలత పనిముట్లు బాగుచేసి రిటైరైన మనిషి, రాళ్లని కొబ్బరికాయల్లోనూ దారుల్ని జాకెట్టు మెడల్లోనూ కొలుస్తున్నాడంటే ఆ సంస్థ వాళ్లు ఆయన్ని సరైన సమయానికే ఇంటికి పంపించారని మేమంతా అనుకున్నాం.

నేను దేశాలు చాలానే తిరిగాను. తిరిగినవాళ్లు రాసినవి అంతకన్నా ఎక్కువే చదివాను. గుర్రాల మీద వెళ్లినవాళ్లు, పల్లకీల్లో వెళ్లినవాళ్లు, కాళ్లు తప్ప గతిలేక నడిచినవాళ్లు. రాజుల గురించి రాశారు, గుళ్ల గురించి రాశారు, ఏ సత్రంలో పప్పు పలచగా ఉందో కూడా రాశారు. తగిలిన రాయి గురించి ఒక్కడూ రాయలేదు. బొటనవేలు పగిలినవాడు సైతం "అక్కడినుంచి బయలుదేరి" అంటూ మర్యాదగా ముందుకు పోయాడు. ఆ లోటు తీర్చడానికి బుచ్చిబాబు పుట్టాడు. కాకినాడలో పుట్టి, నాచారంలో స్థిరపడి, ఉప్పల్లో తయారయ్యాడు.

గ్రూపు గురించి రెండు మాటలు చెప్పాలి. పేరు ఉప్పల్ గుట్టల బృందం. నలభై మంది. చక్కటి తారు రోడ్లు ఉండగా వాటిని వదిలేసి, ముళ్లలోనూ బండల మీదా పరుగెత్తి, ఆ సంగతి తక్కిన ముప్పై తొమ్మిది మందికీ చెప్పుకోవడం వీళ్ల వ్రతం. నేను పరుగెత్తను. పరుగెత్తాల్సిన అవసరం నాకు జీవితంలో రెండుసార్లే వచ్చింది, రెండుసార్లూ కుక్కలే కారణం. పోటీల్లో నీళ్ల బల్ల దగ్గర నిలబడి గ్లాసులందిస్తాను, అంతే.

వీళ్లు ఒకళ్లనొకళ్లు ప్రోత్సహించుకునే తీరు చూసి తీరాలి. సుధీంద్ర అనే బ్యాంకు కుర్రాడు ఒకసారి "మడమ విరిగింది, దవాఖానాలో ఉన్నాను" అని పెట్టాడు. పది నిమిషాల్లో ఇరవై ఆరు చప్పట్లు, "సూపర్ బ్రో, ఇట్లనే సాగిపో" అని నాలుగు సందేశాలు. చెడ్డవాళ్లు కారు పాపం. చదవరు, వినరు. చప్పట్లు మాత్రం కొడతారు.

అడ్మిన్ తేజేష్. పీర్జాదిగూడ అపార్టుమెంట్లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. చేతి గడియారం చెప్పకపోతే తను అలిసిపోయాడో లేదో తెలుసుకోలేడు. ఒక ఆదివారం పరుగయ్యాక ఉప్పల్ భగాయత్ దగ్గర టీ తాగుతూ బుచ్చిబాబుని పట్టుకున్నాడు.

"సార్, జర నిజం చెప్పుండ్రి. ఇయ్యాల ఎంత టైంల ఉరికిన్రు?"

"చూసుకోలేదు బాబూ. అయిదో కిలోమీటరు దగ్గర పొత్రమంత రాయి ఒకటి కొత్తగా వచ్చింది."

"రాయి సంగతి కాదు సార్. స్పీడు, స్పీడు!"

"రాయికి స్పీడేముంటుందయ్యా, అక్కడే ఉంటుంది. కదిలితే చెబుతాగా."

"గిది రన్నింగ్ గ్రూపా సార్, కంకర మిషనా?"

అందరూ నవ్వారు. బుచ్చిబాబూ నవ్వాడు. నవ్వి, ఇంటికెళ్లి, పధ్నాలుగు నిమిషాలు పెట్టాడు.

ఓ సాయంత్రం నేను వాళ్లింటికి వెళితే ఆయన భార్య కామాక్షి గారు కాఫీ ఇస్తూ గొంతు తగ్గించారు.

"అన్నయ్యగారూ, మీరైనా అడగండి. ముప్పై ఆరేళ్ల కాపురంలో నా జాకెట్టుకి మెడ ముందుందో వెనకుందో చూడని మనిషి. మొన్న నన్ను గుమ్మంలో నిలబెట్టి 'కామూ, ఇది బోట్ నెక్కేనా?' అన్నారు. నాకు చెమటలు పట్టాయి."

"మీరేమన్నారమ్మా?"

"గుండ్రటి మెడండీ అన్నాను. 'అయ్యో, అయితే నాలుగో కిలోమీటరు తప్పు చెప్పాను' అని చొక్కా తగిలించుకుని వెళ్లిపోయారు!"

ఇక ఊరుకోవడం క్షేమం కాదనిపించింది. గ్రూపులో ఒక రూలు పెట్టించింది నేనే, దాచడం దేనికి? నిమిషం దాటిన వాయిస్ మెసేజ్ గ్రూపులో పెట్టరాదని ప్రతిపాదించాను. తేజేష్ ఎగిరి గంతేశాడు. ముప్పై ఒక్క బొటనవేళ్లు పైకి లేచాయి. నలభై మందీ ఒక్క మాట మీదికి అంత దగ్గరగా రావడం ఆ గ్రూపు చరిత్రలో అదే మొదలు.

గంట తిరక్కుండా బుచ్చిబాబు ఫోను. "గురువుగారూ, కీసర అవతలి గుట్టల్లో పోటీ ఇంకా ఇరవై రోజులే ఉంది. అది అయ్యాక పెట్టుకోకూడదా ఈ రూలు?"

"ఏమయ్యా, రాళ్లు కూడా పోటీకి పేరిచ్చాయా?"

"లేదులెండి" అని పెట్టేశాడు. ఆ చమత్కారానికి నన్ను నేనే మెచ్చుకుని, రెండో కాఫీ పెట్టుకుని తాగాను.

వారం గడిచింది. మూడు దేశాలు తిరిగొచ్చిన నా గుడ్డసంచీ నాచారం కూరగాయల దుకాణం ముందు పట్టీ తెంపుకుంది. పక్క సందులో తారామణి కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నలభై అయిదేళ్ల మనిషి. మా గ్రూపులో ఆవిడా ఉంది, కానీ ఏనాడూ ఒక్క ముక్క పెట్టి ఎరగదు. వెళ్లేసరికి లోపలినుంచి తెలిసిన గొంతు.

"...హుక్కుల పట్టీ దిగాక కుడివైపు పైపింగంత సన్నదారి. పదహారు అడుగులు. అక్కడ చెయ్యి తిప్పినట్టు పైకి..."

బుచ్చిబాబు ముక్కాలిపీట మీద కళ్లు మూసుకుని కూర్చుని వల్లిస్తున్నాడు. ఆవిడ మిషను తొక్కుతూ, పెదాలు కదుపుతూ వింటోంది. నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు. నేను నానా ఆలోచనలూ చేసి, పక్కనుంచి సంచీ అందించాను. ఆవిడ చేతికి అది తగిలి మిషను మీది టీ గ్లాసు కిందపడింది.

"ముంగటికెళ్లి ఇయ్యుండ్రి సార్. పక్కకెళ్లి ఇస్తే నాకు కనవడదు."

"అదేంటమ్మా? ఇప్పుడేగా సూదిలో దారం ఎక్కించావు?"

"ఎదురుంగ ఉన్నది మంచిగ కనవడ్తది సార్. పక్కకు, కిందికి కనవడదు. గొట్టంల కెళ్లి సూసినట్టు. రెండేండ్లాయె. ఇంక తగ్గుకుంటనే పోతదన్నడు డాక్టరు." అదేదో మిషను రిపేరు సంగతిలాగా చెప్పి సంచీ పట్టీ చూసింది. "గీ కీసర పోటీ ఒక్కటి ఉరికి ముగించాలె సార్. ఇరవై ఒక్క కిలోమీటర్లు. వచ్చే ఏడు కుదుర్తదో లేదో."

నేను బుచ్చిబాబు వంక చూశాను. ఆయన నేల మీది గాజుముక్కలు ఏరుతున్నాడు.

"సారు నా ఎనకాల ఉరుకుతుండె," అంది తారామణి. "ఒకటే రాయికి వారం తర్వాత మళ్ల తట్టుకొని పడ్డ. సారు ఏం అనలే. ఆ దినం నుంచే రాళ్ల వార్తలు మొదలువెట్టిండు. మొదట్ల 'ఇరవై రెండు సెంటీమీటర్ల వ్యాసము' అని గిట్ల చెప్తుండె. గదంత నాకెట్ల యాదుంటది? మెడలల్ల చెప్పు సార్, మెడలైతే మర్వను అన్న. వారం రోజులు గా పీట మీదనే కూసొని మెడలన్ని నేర్చుకున్నడు."

"మరి ఈ సంగతి గ్రూపులో చెప్పొచ్చుగా అమ్మా?"

"చెప్తే ఏం జేస్తరు సార్? సూపర్ అక్కా అంటరు. లేకపోతే చెయ్యి వట్టుకొని నడిపిస్తరు. నన్ను నడిపియ్యద్దు. నేను ఉరకాలె."

"పోనీ నువ్వయినా ఈమెకు విడిగా పంపవయ్యా! ఊరందరి చెవుల్లో ఎందుకు పోయడం?"

బుచ్చిబాబు మొదటిసారి తలెత్తాడు. "విడిగా పంపితే వీళ్లింట్లో ఈ సారెవరని అడుగుతారు గురువుగారూ. గ్రూపులో పెడితే ఎవరూ వినరు. రహస్యం దాచడానికి అంతకన్నా భద్రమైన చోటు నాకు తట్టలేదు."

సంచీ అక్కడే మర్చిపోయి వచ్చేశాను.

తేజేష్‌కి ఫోను చేసి, రూలు తీసెయ్యమన్నాను.

"మీరే గద సార్ వెట్టించింది!"

"పెట్టించాను. ఇప్పుడు నాకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు. ఆయన గొంతు వింటే గాని రాదు."

"ఏంది సార్, గీ కతలు?"

"డెబ్బై రెండేళ్లవాణ్ణి బాబూ. నిద్ర లేకపోతే పోతాను. నీ గ్రూపు పేరు చెప్పి పోతాను."

రూలు పోయింది. సాయంత్రానికల్లా కొబ్బరికాయలూ మెడలూ తిరిగొచ్చాయి, ఈసారి కీసర పోటీ దారివి. తేజేష్ మూతి ముడుచుకున్న బొమ్మ ఒకటి పెట్టాడు.

పోటీ రోజు పొద్దున నన్ను ఇరవయ్యో కిలోమీటరు దగ్గర దింపి, బల్లా నీళ్ల డబ్బాలూ ఇచ్చారు. మూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, దాటితే పతకం లేదు. నేను అనుభవజ్ఞుణ్ణి కదా, నీడ చూసుకుని వేపచెట్టు కింద బల్ల వేయించుకున్నాను. దారికి అడ్డంగా సగం వచ్చిందని నాకు తట్టలేదు. వేగంగా పోయేవాళ్లంతా పక్కకి తప్పుకుని పోయారు.

పోటీ మొదలైన మూడు గంటల పది నిమిషాలకి బుచ్చిబాబు రొప్పుకుంటూ వచ్చి బల్లని చూసి కొయ్యబారిపోయాడు.

"ఏంటండీ ఇది?"

"మంచినీళ్లు."

"నిన్న మధ్యాహ్నం ఇక్కడ లేదు!"

"నిన్న మధ్యాహ్నం ఎవరికీ దాహం వెయ్యలేదయ్యా."

"ఆవిడ వెనకాలే వస్తోందండీ! జరపండి!"

అప్పటికి గాని నాకు వెలగలేదు. ఇద్దరం చెరో పక్కా పట్టాం. మూడు నిండు డబ్బాలతో ఆ బల్ల మా వయసుకి లొంగలేదు. బుచ్చిబాబు వదిలేసి, వచ్చిన దారివైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గుట్టంతా దద్దరిల్లేలా వార్తలు చదివాడు.

"అమ్మా తారామణీ! కొత్త సమాచారం! ఇరవయ్యో కిలోమీటరు! వేపచెట్టు! కుడివైపు నడుమెత్తు బల్ల! సగం దారి దానిదే! ఎడమవైపు జాకెట్టు వెడల్పు ఖాళీ! బల్ల పక్కన ఒక ముసలాయన! ఆయన కదలడు!"

చదివిందే మళ్లీ చదివాడు. మూడోసారి చదువుతుండగా పొదల అవతలనుంచి గొంతు వచ్చింది. "విన్న సార్!"

ఆవిడ వచ్చింది. తల నిటారుగా, చూపు ఎదురుగా, పెదాల మీద మెడల జాబితా. ఎడమవైపు జాకెట్టు వెడల్పు సందులోంచి కొలిచి కుట్టినట్టు దూరిపోయింది. నేను గ్లాసు పక్కనుంచి కాకుండా సరిగ్గా ఆవిడ ముక్కు ముందు పట్టుకున్నాను. అందుకుంది, తాగింది, ఆగలేదు.

బుచ్చిబాబు మాత్రం ఆగిపోయాడు. అరిచీ అరిచీ ఊపిరాడక నా కుర్చీలో కూలబడ్డాడు. నాలుగు గ్లాసులు తాగించి లేపాను.

తారామణి నాలుగు నిమిషాలు మిగిలుండగా గీత దాటింది. బుచ్చిబాబు మూడు నిమిషాలు ఆలస్యం. పతకం రాలేదు. నేను బల్ల వదిలి నడిచి అక్కడికి చేరేసరికి తేజేష్ జుట్టు పీక్కుంటున్నాడు. "మూడే మూడు నిమిషాలల్ల పోయింది గద సార్! ఏడ ఆగిన్రు?"

"ఒక రాయి దగ్గర," అన్నాడు బుచ్చిబాబు, నావంక చూడకుండా.

మెడలో పతకంతో తారామణి మా పక్కనుంచి వెళుతూ, "ముసలాయన గింతన్న కదల్లే సార్, మీరు చెప్పింది కరెక్టే," అంది.

సాయంత్రం గ్రూపులో వాయిస్ మెసేజ్ వచ్చింది. పధ్నాలుగు నిమిషాలు. పెట్టిన అర నిమిషానికే ఇరవై తొమ్మిది చప్పట్లు, "సూపర్ సార్" అని తేజేష్. కాబట్టి రహస్యం ఇప్పటికీ భద్రంగానే ఉంది. నేనొక్కణ్ణే పడక్కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నాను. పదమూడో నిమిషంలో నా సంగతొచ్చింది.

"ఇరవయ్యో కిలోమీటరు. వేపచెట్టు కింద ఒక రాయి. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. పైన తెల్లగడ్డం. చూడ్డానికి పాతదే గాని, ఈమధ్య కాస్త జరిగింది."