పదిహేను రోజుల అరబ్బీ

గల్ఫ్‌కి వెళ్లే ఇంటిపనివాళ్ళకి పదిహేను రోజుల్లో అరబ్బీ, దాంతోపాటు సంతకమూ నేర్పేశామని శ్రీకాకుళంలో ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు పట్టాల పంపకానికి పిలిచారు. నలభై ఏళ్లు పత్రికలో తెలుగు దిద్దినా నాకింకా అనుమానాలు తీరలేదు. ఈ వింత చూసొద్దామని విజయనగరంలో ఉదయం ఏడున్నర పాసింజరెక్కాను. ప్లాట్‌ఫాం మీద తిన్న ఇడ్లీ కంటే టికెట్టే చవక, రుచి సంగతి అడక్కండి.

ఎదురు సీట్లో పూసపాటిరేగ వైపు తీరపల్లె మనిషి, పోలమ్మ. ఫోను చెవికి ఆనించుకుని కూతురు పంపిన మాటలు వింటోంది. రాయడం రాని ఇంట్లో అదే ఉత్తరం. ఆవిడ కూడా పట్టాకే వస్తోంది. ఇంతకుముందు కువైట్‌లో మూడేళ్ళు వంట చేసిందట.

"అరబ్బీ వచ్చుగా, మళ్లీ నేర్చుకోవడమెందుకమ్మా?" అన్నాను.

"పట్టా లేపోతే ఏజెంటు పంపడట. మేస్టారికి నానే నేర్పినాను బాబూ. వంటింట్లో మనల్ని 'దయసేసి' అని ఎవులూ అడగరని సెప్తే ఇనడు."

నోటుబుక్కు చూపించింది. పేజీలనిండా తన పేరే, ముగ్గు దించినట్టు. నా పేరు రాయమంటే నవ్వేసింది.

ఆమదాలవలసలో దిగి షేర్ ఆటోలో పది గంటలకి చేరాం. కిరాణా కొట్టు మీద మేడ. ఫ్లెక్సీలో మేస్టారి బొమ్మకి చోటు చాలక అక్షరాలు అంచున ఇరుక్కున్నాయి. పదకొండింటికి రావలసిన ముఖ్య అతిథి పన్నెండున్నరకి వచ్చి, భాష వారధి అని చెప్పి, పట్టాలతో ఫొటోలు దిగి వెళ్లిపోయాడు. మా దగ్గర చేరినవాళ్ళలో ఇక వేలిముద్ర వేసేవాళ్ళే లేరని మేస్టారు ప్రకటించారు. చప్పట్లు కొట్టాం.

పులిహోర పొట్లాలయ్యాక ఏజెంటు ఒప్పంద పత్రాలు పరిచాడు. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు అరబ్బీ. తెలుగు ముక్క లేదు. అందరూ వరసగా సంతకాలు చేశారు, గుండ్రంగా, ముద్దుగా. పోలమ్మ వంతొచ్చింది.

"ఏలిముద్రకి సిరా పెట్టి ఏదీ?" అంది.

మేస్టారి మొహం మాడింది. "ఇప్పుడేగా పట్టా ఇచ్చాం. మా పరువు తీస్తావా?"

"సంతకం ఎడితే సదివేసినట్టే లెక్కంట. ఏలిముద్రయితే ఎవులో ఒకులు సదివి ఇనిపించాల. కిందటిపాలీ ఇలాగే సంతకం నేర్పి పంపినారు. దిగిన రోజే ఫోను లాక్కున్నారు. ఏటని అడిగితే నువ్వే కదా సంతకం ఎట్టినావన్నారు. మూడేళ్ళలో నా కూతురి గొంతు ఎన్నిపాల్లు ఇన్నానో ఈ సేతి ఏళ్ళమీద లెక్కెట్టి సెప్తాను."

కింద కొట్లోంచి ఎవరో సిరా పెట్టె తెచ్చారు. ఏజెంటు ఇంగ్లీషు వైపు చదవబోయి రెండో వరస దాటలేకపోయాడు. ఇన్నాళ్ళుగా తాను పంచుతున్న కాగితాన్ని అతను చదివితే కదా. సంతకాలకి నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు కనుక నేనే అందుకుని తెలుగులో చెప్పుకుపోయాను. అయిదో షరతు: పనిమనిషి ఫోను ఆ ఇంటి యజమాని దగ్గరే ఉంటుంది.

"అది కొట్టేయమను," అంది పోలమ్మ, సిరా పూసిన బొటనవేలు పైకెత్తి పట్టుకుని.

"అందరికీ ఇదే అప్పా, మార్సరు," అన్నాడు ఏజెంటు.

"అయితే నాను ఎట్టను."

వెనక బెంచీలో ఒకావిడ లేచి, తన కాగితం కూడా చదవమంది. తర్వాత ఇంకొకావిడ. మేస్టారు ఫ్లెక్సీ చుట్టే పనిలో పడ్డారు.

అయిదు గంటల బండిలో వెనక్కి బయల్దేరాం. భాష నేర్పుతామన్న మేడ మీద, ఆ రోజంతటికీ చదివింది ఆ రెండు మూడు కాగితాలే. అవీ పోలమ్మ పట్టుబట్టింది కాబట్టి.

"మరిప్పుడేం చేస్తావు?" అని అడిగాను.

"సేపల తట్ట ఎక్కడికీ పోలేదు కద బాబూ."

పొందూరు దాటుతుండగా సంచీలోంచి పట్టా తీసి, వెనక్కి తిప్పి, వేలికింకా జిడ్డుగా ఉన్న సిరా తుడుచుకుంది.

"కాగితం మంచిదే," అంది. "బాగా పీలుస్తన్నాది."