అర సెకను మనిషి

మా వృత్తిలో మొదటి రోజే నేర్పే పాఠం ఒక్కటే. కెమెరా వైపు చూడొద్దు. పెళ్లి సీనులో అక్షింతలు వెయ్యి, బస్టాపులో చేతిసంచి పట్టుకుని నిలబడు, ఆసుపత్రి వరండాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడువు. ఏం చేసినా ఆ నల్లటి అద్దం వైపు మాత్రం చూడకు. చూశావా, టేకు పోయింది, దాంతోపాటు రేపటి పనీ పోయింది. నేను ఇరవై రెండేళ్లుగా చూడలేదు. సినిమాల్లో జనం అంటారే, ఆ జనంలో ఒకదాన్ని. జూనియర్ ఆర్టిస్టుని.

ఈ అలవాటు ఎంత ముదిరిపోయిందంటే, ముఖం చూపిస్తే తాళం తెరుచుకునే ఫోను కొన్నాను గానీ నా ముఖానికి అది ఒక్కసారీ తెరుచుకోలేదు. మధురానగర్‌లో ఫోను అమ్మినతను "నేరుగా చూడండమ్మా, నేరుగా" అని బతిమాలాడు. చూద్దామనే అనుకుంటాను. కళ్లు మాత్రం వాటంతటవే పక్కనున్న కవర్ల వరస మీదికి జారిపోతాయి. చివరికి అతనే విసుగెత్తి నాలుగంకెల తాళం పెట్టిచ్చాడు. ఇక నా సెల్ఫీల సంగతి చెప్పక్కర్లేదు. అన్నిట్లోనూ ఎవరో తప్పిపోతే వెతుక్కుంటున్నట్టుంటాను.

పన్నెండేళ్లుగా మేముండేది ఫిల్మ్‌నగర్‌లో, పెద్ద కొండరాళ్ల వెనక పల్లంలో. కింద నాలుగు వాటాలు, నాలుగింటిలోనూ మాలాంటి జూనియర్ ఆర్టిస్టులే. పైన ఇంటి ఓనరమ్మ. షేక్‌పేట పాత ఊరివాళ్ల ఆడపడుచు. డెబ్బై దాటినా మెట్లు దడదడా దిగుతుంది. పెద్దమ్మా అని పిలుస్తాను. నేను గోదావరి పక్కనుంచి వచ్చినదాన్నని మొదటి ఏడాదంతా నా పులుసుల మీద, నా 'అండీ'ల మీద వేళాకోళమాడింది. నేనూ ఊరుకోలేదు. మా ఇద్దరికీ అసలు పోరు నీళ్ల మోటారు దగ్గర. సరిగ్గా నేను ముఖానికి సబ్బు రాసుకున్నాకే ఆవిడకు మోటారు ఆపాలనిపిస్తుంది. ఇది యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

మాకు పని దొరికే పద్ధతి ఇది. రోజూ సాయంత్రం నాలుగింటికి మా ఏజెంటు ఫోనులో గ్రూపులో మెసేజ్ పెడతాడు. "రేపు పెళ్లి సీను, పట్టుచీర, ఇరవై మంది" అని. ముందుగా చెయ్యెత్తిన బొమ్మ పెట్టిన ఇరవై మందికే పని. ఇరవై ఒకటో మనిషి ఎంత అందగత్తె అయినా ఇంట్లోనే. మా ఇంట్లో చూస్తే రాళ్ల అడ్డానికి సిగ్నలు గుండుసున్నా. డాబా మీద నీళ్ల ట్యాంకుకు తూర్పు మూల, రెండు చదరపు గజాల మేర మాత్రం రెండు గీతలొచ్చేవి. అందుకని నాలుగయ్యేసరికి నలుగురం టీ గ్లాసులు పట్టుకుని పైకెక్కి, ఆ మూలలో భుజాలు రాసుకుంటూ నిలబడి, ఫోన్లు పైకెత్తేవాళ్లం.

పెద్దమ్మ అక్కడే ఒడియాలు ఎండబెట్టుకుంటూ చూసేది. "ఏంది, మల్ల పూజ షురువైందా? మంగళారతి తేవాల్నా?" అనేది. మెసేజ్ పడగానే మేం వేసే కేకలకు పావురాలు లేచిపోయేవి. నలుగురికీ పని దొరికిన రోజు ఆవిడ కూడా నవ్వి, తలా ఒక పచ్చి ఒడియం చేతిలో పెట్టేది. నిజం చెబుతున్నాను, ఆ మూలంత సంతోషం నాకు ఏ సెట్లోనూ దొరకలేదు.

తర్వాత ఆ రాళ్ల మీదే కొత్త టవరు లేచింది. "గా గుట్ట మీద మేము బర్ల మేపినం. ఇప్పుడు గాడ సిగ్నల్ మేపుతున్నరు" అని పెద్దమ్మ రోజూ దాన్నే చూస్తూ కూర్చునేది. ఒకరోజు నా వంటింట్లో, పోపుల డబ్బా పక్కన పెట్టిన ఫోనులో అయిదు గీతలూ నిండుగా కనిపించాయి. గరిటె పట్టుకునే ఎగిరాను. ఇక మెట్లెక్కే పని లేదు. అయినా నాలుగింటికి మేం పైకి వెళ్లడం మానలేదు. టీ అక్కడ తాగితేనే తాగినట్టుంటుంది.

కానీ టవరు కొత్తదైతే సరిపోతుందా, ఫోను పాతది. నెల రోజులుగా మెసేజ్‌ల యాప్ తెరిచినప్పుడల్లా ఈ ఫోనులో ఇది త్వరలో పనిచేయదు అని ఒక హెచ్చరిక వచ్చేది. కింద 'తర్వాత' అని ఒక బటను. నేను ఆ 'తర్వాత'నే నమ్ముకున్నాను. మధురానగర్ షాపుకు తీసుకెళితే అతను తిప్పి చూసి, "ఫోన్ మంచిగనే ఉందమ్మా. కంపెనీ దీనికి అప్‌డేట్లు బంద్ చేసింది. గంతే" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. గీత పడలేదు, బ్యాటరీ ఉబ్బలేదు, పొద్దస్తమానం పనిచేస్తోంది. ఏళ్లు గడిచాయన్న ఒక్క కారణానికి వెనక్కి నెట్టేస్తారా? అతనేం చేస్తాడు పాపం, కొత్తవి చూపించాడు. నేను చూడకుండా వచ్చేశాను.

అసలు రోజు సంగతికి వస్తాను. ఆ పొద్దున నాకు పని లేదు. అంతకు ముందు నేను చేసిన సినిమా ఒకటి ఫోనులో చూసుకోవడానికి వచ్చిందని తెలిసింది. మా వాళ్లందరికీ ఉన్న జబ్బే నాకూ ఉంది. కథ ఎవడిక్కావాలి, మనమెక్కడున్నామో వెతుక్కోవాలి. రైల్వే స్టేషన్ సీనులో హీరో భుజం వెనక నేనున్నానని గుర్తు. వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి, మొత్తానికి పట్టుకున్నాను. అర సెకను. ఆకుపచ్చ చీర, సగం చెవి, సగం బుగ్గ. బొమ్మ బాగా కనబడాలని నాణ్యత పెంచి మరీ చూశాను. ఆ అర సెకను కోసం ఆ రోజుకిచ్చిన డేటా అంతా ఊడ్చిపెట్టుకుపోయింది. మీ రోజువారీ పరిమితి ముగిసింది అని మెసేజ్ వచ్చింది. గ్రూపు మూగబోయింది. డేటా లేక రావట్లేదులే అనుకుని, వంకాయలు తరుక్కుంటూ కూర్చున్నాను.

మూడు దాటాక ఏజెంటే ఫోను చేశాడు. "ఏమ్మా, అర్జెంటని ఇయ్యాల పొద్దుననే గ్రూపుల పెట్టిన. నువ్వు చెయ్యెత్తలే. ఎప్పుడూ ఫస్టుండేదానివి, ఏమైందని చేసిన" అన్నాడు. ఆయన చెప్పింది విన్నాక కత్తిపీట మీదనుంచి లేచి నిలబడ్డాను. ఒక డైరెక్టరు ఆఫీసువాళ్లకు యాభై ఏళ్ల ఆడమనిషి కావాలట. డైలాగుంది. ఆసుపత్రి లైను దాటి హీరోయిన్ ముందుకు వెళ్లిపోతే, లైనులోంచి ఒకావిడ అడ్డుపడి అడగాలి. "పొద్దున్నుంచి ఇక్కడే నిలబడ్డాం. మేం కనబడట్లేదా మీకు?" రెండే వాక్యాలు. వీడియో తీసి అయిదింటిలోగా పంపాలి. "కెమెరా దిక్కు సూసుకుంట చెప్పాలె. గా ముచ్చట మాత్రం మర్చిపోకు" అన్నాడు.

ఇరవై రెండేళ్లలో నా నోటినుంచి ఒక్క మాట తెర మీదికి పోలేదు. ఏడవమంటే గుంపులో ఏడ్చాను, జేజేలు కొట్టమంటే గుంపులో కొట్టాను. నాదంటూ ఒక వాక్యం కావాలని ఎవరికీ చెప్పుకోలేదు గానీ, స్నానం చేస్తూ ఎన్ని డైలాగులు గోడలకు చెప్పానో ఆ గోడలకే తెలుసు. గబగబా పైకి పరిగెత్తి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ ఫోను ఈమధ్యే కొన్నది, భజన పాటలు తప్ప దాంట్లో ఏమీ నడవవు. డేటా రోజూ దండిగా మిగిలిపోతుంది.

"నీ నెట్ జర ఇవ్వు పెద్దమ్మా."

"తీస్కో బిడ్డా. ఏమన్న ఖరాబైతదా?"

"ఏమీ అవదు."

ఆవిడ నెట్ నా ఫోనుకు కలుపుకున్నాను. ఈసారి యాప్ తెరిచేసరికి 'తర్వాత' అన్న బటను లేదు. ఈ ఫోనులో ఇక పనిచేయదు అని ఒక్కటే ముక్క. పొద్దున మూగబోయింది డేటా వల్ల కాదన్నమాట. మెట్ల మీద కూలబడిపోయాను. కళ్లనీళ్లు తిరిగాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

"ఏడ్సుడెందుకు? నా ఫోన్ల తియ్యి, నా ఫోన్లకెల్లే పంపు" అంది పెద్దమ్మ. అంత తేలిక దారి నాకు తట్టనే లేదు.

ట్యాంకు పక్కన నన్ను నిలబెట్టి, ఫోను రెండు చేతులా పట్టుకుంది. మొదటి టేకు. డైలాగు బాగానే చెప్పాను. చూస్తే కళ్లు గోడ మీదున్నాయి. రెండోది, ఒడియాల మీద. మూడోది, టవరు మీద. "నా పక్క సూడమంటే గుట్ట పక్క సూస్తవేంది?" అని ఆవిడ కసిరింది. నాలుగు, అయిదు, ఆరు. ప్రతిసారీ ఆ నల్లటి చుక్క దగ్గరికి రాగానే చూపు దానంతటదే తప్పుకునేది. కింద వాటాల ముగ్గురూ నాలుగింటి టీ కోసం పైకొచ్చి, విషయం తెలుసుకుని పక్కన నిలబడ్డారు. వాళ్లలో ఒకరూ నవ్వలేదు. వాళ్ల కళ్లూ అంతేనని వాళ్లకు తెలుసు.

నాలుగున్నర దాటింది. పెద్దమ్మ ఫోను దించి నన్నొకసారి ఎగాదిగా చూసింది. తర్వాత మళ్లీ రికార్డు నొక్కి, ఫోను తన ముఖానికి ఆనించి పట్టుకుని, "బిడ్డా, ఒక ముచ్చట చెప్తున్న. మోటరు నేను కావాల్ననే బంద్ చేస్తున్న. నువ్వు సబ్బు వెట్టుకున్నంక నీ కేకలినుడు నాకు మస్తు మజా" అంది.

పన్నెండేళ్లుగా నాకున్న అనుమానం అది! తల తిప్పి సూటిగా ఆవిడ కళ్లలోకి చూశాను. ఆ కళ్ల మధ్యనే కెమెరా ఉంది. "పొద్దున్నుంచి ఇక్కడే నిలబడ్డాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మేం కనబడట్లేదా మీకు?"

పెద్దమ్మ మెల్లగా ఫోను దించి, "కనవడుతున్నవ్ బిడ్డా. మంచిగ కనవడుతున్నవ్" అంది. కొత్త టవరు పుణ్యమా అని వీడియో చిటికెలో వెళ్లిపోయింది. మోటారు సంగతి నిజమా అబద్ధమా అని ఆ తర్వాత ఎన్నిసార్లడిగినా ఆవిడ నవ్వడమే తప్ప చెప్పలేదు.

పంపింది ఆవిడ నంబరు నుంచి కాబట్టి, మర్నాడు ఆఫీసువాళ్లు ఆవిడకే ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. అందుకుంటానని చెయ్యి చాపితే ఆ చెయ్యి పక్కకు నెట్టేసి, "ఆమె బిజీగుంది. ఏందో నాకు చెప్పుర్రి" అంది. అవతలివాళ్లు చెప్పింది విని, "ఆఁ, వస్తది. ఆమెతోని నేను గూడ వస్త" అని పెట్టేసింది. నేను ఆవిడను ఎత్తుకుని తిప్పబోయాను. నడుం పట్టేస్తుందని తిట్టింది.

షూటింగు రోజు ఆసుపత్రి సెట్టులో లైనుకు ఇద్దరు తక్కువయ్యారని పెద్దమ్మను కూడా నా వెనక నిలబెట్టారు. అసిస్టెంటు డైరెక్టరు మైకులో "ఎవరూ కెమెరా చూడొద్దు!" అని అరిచాడు. ఎప్పటిలాగే నా తల వంగిపోయింది. అతను దగ్గరికొచ్చి, "మీక్కాదండీ. ఇది హీరోయిన్ కళ్లతో చూసే షాటు, మీరు చూడాలి" అన్నాడు. చూశాను. తడబడలేదు. కానీ మొదటి రెండు టేకులూ పోయాయి, నా వల్ల కాదు. నా భుజం వెనకనుంచి పెద్దమ్మ కెమెరాను కళ్లార్పకుండా చూస్తోంది. "పెద్దమ్మగారూ, అటు చూడకండీ" అని అతను బతిమాలితే, "గింత పెద్ద కెమెరా ముంగట వెట్టి సూడొద్దంటే ఎట్లయ్యా?" అని అడిగింది. సెట్టంతా పగలబడి నవ్వింది. మూడో టేకుకు ఆవిడను స్తంభం వెనక్కి మార్చారు.

సినిమా మొన్న ఫోన్లలోకి వచ్చింది. నాలుగింటికి అందరం డాబా ఎక్కాం. పెద్దమ్మ ఫోను ఊరగాయ జాడీకి ఆనించి పెట్టాం. ఆసుపత్రి లైను వచ్చింది. నా ముఖం తెర నిండా వచ్చింది. నన్ను నేను వెతుక్కునే పాత అలవాటు, బొమ్మ ఆపడానికి నా వేలు దానంతటదే ముందుకెళ్లింది.

పెద్దమ్మ నా చేతి మీద చటుక్కున ఒక్కటేసింది.

"ఆపకు. నువ్వు యాడికి పోతలేవు, గీడనే ఉన్నవ్."