బంగారు కాటా మీద రాగి సంగటి

బంగారు అంగట్లో రాగి సంగటి తూకం వేపిచ్చిన మనిషిని మీరు యాడన్నా చూసినారా? చూసుండరు. ఇప్పుడు చూసుకోండి, మీ ముందరే కూచోని టీ తాగుతాండా! అప్పుడే నవ్వొద్దు. చెప్పేదాకా ఆగండి.

మా హర్షిత తెలుసు గదా, మా కూతురి కూతురు, మూడో తరగతి. పోయినేడాది దానికి షుగరు వచ్చింది. మనబోటి ముసలోళ్లకు వచ్చే షుగరు కాదు, చిన్నపిల్లోళ్లకు వచ్చేది. మాత్రలతో అయ్యేది కాదు, తినే ముందర ప్రతిసారీ ఇంజక్షనే. తెలిసిన రోజు మా ఆయనా నేనూ ఎంత ఏడ్చినామో ఆ దేవునికే తెలుసు. కూతురికి ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పని, అల్లునికి పులివెందులలో బ్యాంకు ఉద్యోగం. ఎండాకాలం సెలవులని పిల్లను ప్రొద్దుటూరులో మా దగ్గర ఇడిసిపెట్టినారు.

ఇడిసేటప్పుడు కూతురు ఒకటికి పదిసార్లు చెప్పింది. "అమ్మా, మధ్యాన్నం సంగటి నూటయాభై గ్రాములు. దానికి తగ్గ ఇంజక్షను నాయన వేస్తాడు. వేసినాక పావుగంటలో పిల్ల తినాల. తినకపోతే షుగరు పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఎక్కువ తింటే షుగరు పైకెక్కి కూచుంటాది. నీ కంటి అందాజు వద్దు, తూకమే!" అని ఒక డిజిటల్ కాటా కొనిచ్చి పోయింది.

నిన్న పొద్దున చూస్తే ఆ కాటాకు ఎండిపోయిన సంగటి అంటుకోని ఉండాది. నాకు ఒళ్లు మండింది. పిల్ల తిండి పెట్టే సామాను ఇంత గలీజుగా ఉంటే ఎట్ల? సబ్బు వేసి, పీచు పెట్టి రుద్ది, బకెట్లో ముంచి, గిన్నెలతో పాటు ఎండలో బోర్లించినా. తళతళా మెరిసింది. ఏం లాభం!

మధ్యాన్నం మా ఆయన పిల్లకు ఇంజక్షను వేసేసినాడు. నేను ముద్ద చేసి కాటా మీద పెట్టి మీట నొక్కినా. ఊహూ. మళ్లా నొక్కినా. లోపలినుంచి నీళ్లు కారినాయి!

"ఏమ్మే, ఏం చేసినావు దాన్ని?"

"కడిగినా."

"కడిగినావా? నా సెల్‌ఫోను కూడా కడుగు, అదొక్కటే మిగిలింది!"

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడు. టైము మాట ఎత్తితే చాలు, బస్సు కదిలిపోతాన్నట్టే అరుస్తాడు. "పావుగంట! టైమైపోతాంది!" అని ఇల్లంతా తిరుగుతాండాడు. నేను ముద్దను చూసి నూటయాభై అంటా, ఆయన రెండు నూర్లు అంటాడు. పిల్ల కంచం ముందర కూచోని మా ఇద్దరి మొగాలు చూస్తాంది. మొన్నొకసారి నా అందాజుతో పెట్టినందుకే పిల్ల షుగరు యాడికో పోయింది. మళ్లా ఆ పని చేస్తానా?

"కిరాణా అంగడికి పో" అన్నాడు ఆయన. పోతానా? వాడు కందిపప్పు తూకంలో కొట్టేది నేను కళ్లారా చూసినా! వాని కాటాను నమ్మి పిల్లకు అన్నం పెట్టాల్నా? వీధి చివర్న బంగారు అంగడి ఉండాది. బంగారోళ్లు తరుగులో కొడితే కొడతారు గానీ తూకంలో కొట్టరు. ముద్దను స్టీలు డబ్బాలో వేసి, మీద కొంగు కప్పి, ఒకటే పరుగు!

లోపల జమ్మలమడుగు పెండ్లోళ్లు కౌంటరు నిండా హారాలు పరుచుకోని కూచోనుండారు. నేను రొప్పుతా పోయి, "నాయనా, దీన్ని బిరబిరా తూకం వెయ్యి. పిల్ల ప్రాణం దీంట్లోనే ఉండాది!" అన్నా. నా కండ్లల్లో నీళ్లు.

అంగడాయన మొగం మారిపోయింది. ఆస్పత్రి ఖర్చుకు ఇంట్లో బంగారం అమ్ముకునేదానికి వచ్చినా అనుకున్నాడు, పాపం. కుర్చీ ఏసినాడు. కూల్‌డ్రింకు తెప్పిచ్చినాడు. గొంతు తగ్గిచ్చి, "పెద్దమ్మా, భయపడొద్దు. మంచి రేటే ఇస్తా" అన్నాడు. పెండ్లోళ్లంతా అయ్యో అన్నట్టు నా తట్టే చూస్తాండారు.

మూత తీసినా. పొగలు వచ్చినాయి.

"ఇదేంది పెద్దమ్మా?"

"సంగటప్పా."

"బంగారం దీని కింద ఉండాదా?"

"ఏముంటాది కింద? సంగటే! నూటయాభై గ్రాములు ఉండాల. మా మనమరాలికి షుగరు. ఇంజక్షను పడింది, టైమైపోతాంది!"

మంచోడు. నవ్వు ఆపుకుంటా కాటా మీద కాగితం పరిచి ముద్ద పెట్టినాడు. నూట అరవై తొమ్మిది! నేను గిల్లబోతే, "ఆగు పెద్దమ్మా, కాటా కదులుతాది" అని, నగల్లో రాళ్లు పెట్టే చిన్న పట్టకారు తీసుకోని మెల్లమెల్లగా గిల్లుతాండాడు. నూటయాభై పాయింట్ రెండు కాడ నిలిచింది.

"చాలునా?"

"ఆ పాయింటు కూడా తీసెయ్యప్పా."

తీసినాడు. తీసిన ముక్కలన్నీ పోగుచేసి నోట్లో వేసుకోని, "తరుగు అంగడోనిదే గదా పెద్దమ్మా" అన్నాడు. పెండ్లోళ్లు పడీపడీ నవ్వినారు. నాకు నవ్వేదానికి టైము యాడిది? మళ్లా పరుగు.

మా ఆయన వాకిట్లోనే నిలబడి, ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో గ్లూకోజు డబ్బా పట్టుకోనుండాడు. పిల్ల బాగానే ఉండాది, ఈయనకే చేతులు వణుకుతాండాయి. ముద్ద కంచంలో పెట్టి కోడిపులుసు పోసినా. చివరి ముక్క దాకా తినింది. అమ్మయ్యా! దేవునికి దండాలు పెట్టుకున్నా.

పిల్ల వేళ్లు నాకుతా, "అవ్వా, శానా బాగుండాది" అనింది.

అంతే. నా బుద్ధి యాడికి పోయిందో! "నా బంగారు కొండా, ఇంకొంచెం తిను" అని సట్టిలోనుంచి ఇంత లావు ముద్ద తీసి, మీద నెయ్యి పోసి కంచంలో వేసినా.

పిల్ల ముట్టుకోలా. నా మొగం చూసి, "అవ్వా, ఇది ఎన్ని గ్రాములు?" అనింది.

కంచంలోనుంచి తీసేస్తే అయిపోయేదానికి, మా ఆయన ఆ ముద్దను డబ్బాలో వేసుకోని చెప్పులు వెతుకుతాండాడు. నేనన్నా ఆపాల గదా? "ఉండు, నెయ్యి ఎంతైందో అది కూడా చూపిచ్చుకోని రా" అని నెయ్యి గిన్నె ఆయన చేతిలో పెట్టినా!