“కొట్టినవా?” అని ముందు అడిగే వకీలమ్మ

“వకీలమ్మ పోయిన్రు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంట అట్లనే ఒరిగిన్రు” అని ఆమె గుమాస్తా ఫోన్లో ఏడ్చాడు. మంగళవారం, ఆఫీసులో తపాలా విప్పుతున్నాను. ఆ కుర్చీ, ఆ ఉద్యోగం ఆమె పుణ్యమే. విప్పిన కవరు విప్పినట్టే పెట్టి సెలవు చీటీ రాశాను.

చిక్కడపల్లి వాళ్లకు ఆమెను నేను పరిచయం చేయనక్కర్లేదు. ఆమె ఆఫీసంటే ఇస్త్రీ దుకాణం మీద మేడ, మోకాళ్లు నొప్పెట్టే ఇనుప మెట్లు. గృహహింస కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించేవారు. మీలో కొందరు ఆమెను తిట్టే ఉంటారు. “ఆడిది అయ్యుండి పెండ్లాలను కొట్టేటోళ్ల దిక్కు నిలబడ్తదా?” అని మా అమ్మా తిట్టింది, మాకు అవసరం పడేదాకా. ఎవరైనా మొహం మీదే అడిగితే ఆమె నవ్వేవారు. “జరం వచ్చినోన్ని చూస్తే డాక్టరుకు జరం ఉన్నట్టా?” అనేవారు.

కానీ ఆ మేడ మీద ఆమెవే చట్టాలు. ఎంతమంది వచ్చినా చుట్టాలందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి, కేసున్న మనిషిని ఒక్కడినే లోపలికి పిలిచేవారు. మంచినీళ్లిచ్చి మొదట అడిగే మాట “కొట్టినవా?” ఆ గదిలో “అబద్ధపు కేసు” అనకూడదు. “కేసు అను చాలు. అబద్ధమో నిజమో జడ్జి గారు చెప్తరు” అనేవారు. ఒకాయన తన భార్యను నోటికొచ్చినట్టు తిట్టబోతే, “లే. చెప్పులేసుకో” అని మెట్లు దింపేశారు. అతను నిజంగానే కొట్టలేదట, గుమాస్తా చెప్పాడు. వారం తర్వాత నోరు కడుక్కుని వస్తే మళ్లీ తీసుకున్నారు, గెలిపించారు కూడా.

ఇక నా సంగతి. అశోక్‌నగర్ రీడింగ్ హాల్లో రెండేళ్లు కూర్చుని, కళ్లద్దాల నంబరు పెంచుకుని గవర్నమెంట్ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆర్డరు చేతికి రావాలంటే పోలీసు విచారణలో నా పేరు శుభ్రంగా ఉండాలి. సరిగ్గా అప్పుడే వదిన కేసు పెట్టింది, అన్న మీదా నా మీదా. అన్న చెంప మీద కొట్టాడని, ఆడబిడ్డనైన నేను జుట్టు పట్టుకున్నానని అందులో ఉంది. చెంపదెబ్బ నిజం. జుట్టు మాత్రం నేను ముట్టలేదు. అయినా కేసు కేసే, నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

అన్న ఊరుకుంటాడా? రీడింగ్ హాలు ఓనరును పట్టుకుని, ఆ గొడవ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను అక్కడే చదువుకున్నానని ఉత్తరం తెచ్చాడు. ముద్ర కూడా వేయించాడు. “నువ్వు ఇంట్లనే లేవు. ఖతం. పరేషాన్ గాకు” అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు?

వకీలమ్మ ఆ ఉత్తరం చదివి, అన్నను మెట్ల మీదికి పంపి, నా వైపు తిరిగారు.

“ఆ రోజంత చదువుకున్నవా బిడ్డా?”

“అవును మేడమ్.”

“పాపం. మరి పగటీలి బువ్వకు ఏం తిన్నవ్?”

“టమాట పప్పు మేడమ్. వదిన వేడివేడిగా...”

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత ఉత్తరాన్ని మడిచి నా చేతిలో పెట్టారు. “ఆ పిల్ల వండింది తిన్న నోటితోని ఆ ఇంట్ల లేనని ఎట్ల చెప్తవే?” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్న కొట్టాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అడ్డం పోలేదు.

అన్నతో ఒకటే మాట అన్నారు. “దెబ్బ పడలేదని నా నోటితోని అనను. ఒప్పుకొని ఆ పిల్లతోని మాట్లాడుకో. లేదంటే వేరేటోళ్లను చూసుకో.” అన్న చూసుకున్నాడు, నారాయణగూడలో.

కోర్టులో అన్న వకీలు వదినను గంటసేపు దులిపాడు. దెబ్బే పడలేదన్నాడు, గోడకు తనే కొట్టుకుందన్నాడు, అన్నీ అబద్ధాలన్నాడు. వదిన వెక్కిళ్లు పెట్టింది. అప్పుడు మా వకీలమ్మ లేచారు.

“ముందు నీళ్లు తాగమ్మా. నీ ఆడబిడ్డ ఆ రోజు ఇంట్లనే ఉన్నదా?”

మన వకీలే ఇలా అడుగుతారేంటని ఆమె వైపు చూశాను. వదిన కూడా ఆశ్చర్యంగా చూసింది. “ఉన్నది.”

“నీ జుట్టు పట్టిందా?”

నా ఉద్యోగం, నా పేరు అన్నీ వదిన నోట్లో ఉన్నాయి. “లేదు మేడమ్. కేసు కాయితం రాసినాయన అట్ల రాసిండు” అంది.

వకీలమ్మ అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

“మరి ఏం చేసింది?”

“చూసుకుంట నిలబడ్డది.”

నా మీద కేసు కొట్టేశారు. అన్నకు శిక్ష పడింది, అప్పీలు నడుస్తోంది, నాతో మాటల్లేవు. బయటికొచ్చాక వకీలమ్మను కోపంగా అడిగాను, ఆ మూడో ప్రశ్న ఎందుకని. “నీ కేసు రెండో ప్రశ్నకే అయిపోయింది బిడ్డా. మూడోది ఆ పిల్లది” అన్నారు. అప్పుడు మండింది. ఇప్పుడు చెబుతున్నాను, అలాంటి మనిషి నా వకీలని ఎవరి ముందైనా ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాను.

మంగళవారం మధ్యాహ్నం బర్కత్‌పురలోని ఆమె ఇంటికి వెళ్లాను. వరండాలో, ఆడవాళ్లలో వదిన ఉంది. కోర్టు తర్వాత చూడటం అదే మొదలు. వదిన అని పిలిచే హక్కు ఇంకా ఉందో లేదో తెలియక పక్కన నిలబడ్డాను. ఆమే మాట్లాడింది.

“ఆ దినం కోర్టుల అందరు నన్ను అబద్ధాలది అన్నరు. ఈమె ఒక్కతే అనలె. నీ వకీలయ్యుండి కూడ అనలె.”

“నేను అడ్డం రావాల్సింది వదినా” అన్నాను. ఇన్నేళ్లకు అన్నాను.

ఆమె తెచ్చిన బంతిపూల దండ పొడవుగా ఉంది, చివర నేలకు తగులుతోంది. “గా కొస పట్టు” అంది. పట్టుకున్నాను.